చూపు వచ్చిన మాట

గ్రుడ్డికన్న మెల్ల మేలని తెలుగువారి సామెత. చూపు బొత్తిగా లేకుండుట కంటె వంకరగానైనను కొంత ఉండుట మేలని దాని తాత్పర్యము. సామెతలో రెండే మెట్లు కలవు. లోకములో ఉన్నవి అంతకంటె ఎక్కువ. పుట్టు గ్రుడ్డితనము వేరు. ఒంటికంటి చూపు వేరు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట దారి కానరాని రేచీకటి వేరు. నలువది యేండ్లు దాటినవారిచేత పుస్తకమును చేతి పొడవున దూరము జరిపించు చత్వారము వేరు. ఇట్టి మెట్లలో అట్టడుగుదానిపై పుట్టి, కాలక్రమమున ఒక్కొక్క మెట్టు ఎక్కి వచ్చిన ఆంగ్లపదమొకటి కలదు. అదియే 'పర్‌బ్లైండ్'.

ఈ పదము నేటి వాడుకలో అరుదు. వార్తాపత్రికలలో కానరాదు, వైద్యులు దీనిని పలుకరు. షేక్స్పియరు నాటకములోనో, థామస్ హార్డీ పద్యములోనో విద్యార్థికి ఇది హఠాత్తుగా ఎదురగును. అతడు నిఘంటువు విప్పును. 'మందదృష్టి గల, మందబుద్ధి గల' అను రెండర్థములు కనబడును. వానిని పుస్తకపు అంచున వ్రాసికొని ముందునకు సాగిపోవును. ఆ రెండర్థముల నడుమ నున్న చిన్న కామాలో ఏడు వందల యేండ్ల చరిత్ర ఇమిడియున్నదని అతనికి చెప్పువారు తక్కువ. చెప్పవలసిన అవసరము మాత్రము కలదు. ఏలనగా ఈ చరిత్ర కేవలము ఆంగ్లభాషకు చెందినది కాదు. పాఠశాలలోని వెనుక బల్లలకు కూడ చెందినది.

పదములోని రెండవ భాగము సుబోధమే. 'బ్లైండ్' అనగా గ్రుడ్డి. చిక్కంతయు మొదటి భాగములో నున్నది. 1066లో నార్మండీ ప్రభువు విలియము ఇంగ్లండును జయించినది మొదలు సుమారు మూడు శతాబ్దములు ఆ దేశపు ఆస్థానములలో ఫ్రెంచి భాషదే పైచేయి. ఆ నార్మను ఫ్రెంచి నుండి వచ్చిన మాట 'పుర్'. నేటి 'ప్యూర్' అను మాట దాని తోబుట్టువే. స్వచ్ఛము, కల్తీ లేనిది అని దాని మొదటి అర్థము. కల్తీ లేనిది సంపూర్ణమైనది గనుక 'పూర్తిగా' అను అర్థము కూడ దానికి అబ్బినది. తెలుగువారికి ఈ మార్పును విడమరచి చెప్పనక్కరలేదు. 'శుద్ధజలము' అన్నప్పుడు శుద్ధ శబ్దమునకు నిర్మలత్వము అర్థము. 'శుద్ధ అబద్ధము', 'శుద్ధ మొద్దు', 'శుద్ధ దండుగ' అన్నప్పుడు ఆ నిర్మలత్వమెక్కడ? బొత్తిగా, పూర్తిగా అనుటయే అచట అర్థము. నార్మనులు 'పుర్' అన్నదియు ఇట్టిదే. కావున తొలినాటి 'పుర్ బ్లైండ్' అనగా శుద్ధ గ్రుడ్డి. రెండు కన్నులును లేనివాడు.

ఈ అర్థమునకు సాక్ష్యము 1300 ప్రాంతమున వెలసిన గ్లాస్టరు రాబర్టు చరిత్రకావ్యములో కలదు. వేటయందు మక్కువ మెండుగా గల విలియము రాజు అడవులను తన కొరకు కాపాడుకొనుటకై కఠిన శాసనములు చేసెను. అతని కాలమున లేడినిగాని దుప్పినిగాని చంపినవాని రెండు కన్నులను పెరికి, వానిని 'పుర్ బ్లైండ్' చేయుచుండిరని ఆ కావ్యము చెప్పుచున్నది. అప్పటికి అవి రెండు విడి మాటలే. నేటి నిఘంటువును నమ్మి ఈ ఘట్టమును చదువు విద్యార్థి ఏమనుకొనును? జింకను చంపినవానికి చూపు కొంచెము మందగింపజేసిరి కాబోలునని తలచును. కటిక క్రూరమైన శిక్ష అతని కంటికి స్వల్పమైన శిక్షగా కనబడును. మాట అర్థము తప్పినందున రాజు దోషము సగము తుడుచుకొని పోవును.

తరువాతి మెట్టు మరింత విచిత్రమైనది. 1382 ప్రాంతమున విక్లిఫ్ పేర వెలసిన ఆంగ్ల బైబిలులో, నిర్గమకాండము 21వ అధ్యాయమున ఈ మాట మరల వచ్చినది. యజమాని తన దాసుని కంటినిగాని దాసి కంటినిగాని కొట్టి పాడుచేసినయెడల, ఆ కంటికి బదులుగా వారిని దాస్యము నుండి విడువవలెనని ఆ ఘట్టములోని ధర్మము. లాటిను మూలములో నున్నది 'లుస్కుస్' అను మాట. దాని అర్థము ఒంటికన్ను గలవాడని. దానికి అనువాదకులు వాడినది 'పర్‌బ్లైండ్'. 1440 నాటి 'ప్రాంప్టోరియం పార్వులోరం' అను ఆంగ్ల-లాటిను నిఘంటువు కూడ ఈ రెండు మాటలను సరిజోడుగా నిలిపినది. అనగా నూరేండ్లు తిరుగకమునుపే శుద్ధ గ్రుడ్డికి ఒక కన్ను వచ్చినది!

ఇచ్చట పాత అర్థమునే పట్టుకొని చదివినచో ఏమగును? రెండు కన్నులును పోయిననే తప్ప దాసునికి విముక్తి లేదని తోచును. ధర్మము చెప్పినది అది కాదు. ఒక్క కన్ను పోయినను చాలునన్నది. ఇట్లు ఒకే మాటను ఒకచోట క్రొత్త అర్థముతో చదివిన రాజు క్రౌర్యము తరుగును. మరియొకచోట పాత అర్థముతో చదివిన ధర్మములోని దయ తరుగును. పదముల అర్థచరిత్ర పండితుల కాలక్షేపమని తీసివేయువారు ఈ రెండు ఘట్టములను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెను. ఒక మనిషి కన్ను, మరియొక మనిషి స్వేచ్ఛ ఆ మాటపై ఆధారపడియున్నవి.

ఈ మార్పునకు కారణమేమి? 'పుర్' అనగా 'పూర్తిగా' అను సంగతి జనులు క్రమముగా మరచిరి. మరచిన పిమ్మట, 'బ్లైండ్' అనియు 'పర్‌బ్లైండ్' అనియు రెండు మాటలు మిగిలినవి. ఒకే అర్థమునకు రెండు మాటలేల? రెండవదానిలో ఏదో భేదముండి తీరవలెనని వాడుకరుల మనస్సు ఊహించి యుండును. పూర్తి గ్రుడ్డితనమునకు మొదటి మాట ఉండనే ఉన్నది గనుక రెండవది కొరవ గ్రుడ్డితనమునకు మిగిలినది. ఇంటిలో రెండు పాత్రలున్నప్పుడు గృహిణి ఒకదానిని పాలకును, రెండవదానిని మజ్జిగకును కేటాయించినట్లు, భాష కూడ తన మాటలకు పనులు పంచిపెట్టును.

పదునారవ శతాబ్ది నాటికి మాట మూడవ మెట్టు ఎక్కినది. ఇప్పుడు రెండు కన్నులును కలవు. చూపు మాత్రము మసక. ముఖ్యముగా దగ్గరివస్తువును తప్ప దూరపువస్తువును చూడలేనివానికి ఈ పేరు చెల్లినది. దీనికి తోడు మరియొక పొరపాటు కలిసినది. కన్నులు దగ్గరగా పెట్టి తదేకముగా చూచుటకు ఆంగ్లములో 'పోర్' అను క్రియ కలదు. పుస్తకముపై వంగి ముక్కు తగిలించి చదువువానిని చూచి, 'పర్' అనునది ఆ 'పోర్' కావలెనని జనులు భావించి 'పోర్‌బ్లైండ్' అని కూడ వ్రాసిరి. 1755లో మహానిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సన్ అంతటివాడు ఆ వ్యుత్పత్తినే నమ్మి, 'పోర్‌బ్లైండ్' చెడి 'పర్‌బ్లైండ్' అయినదని వ్రాసెను. జాన్సన్ స్వయముగా చూపు మందమైనవాడు. కాగితమును కన్నుల దగ్గర పెట్టుకొని చదివినవాడు. అతని వంటి చదువరుల భంగిమయే ఆ తప్పు వ్యుత్పత్తిలో కనిపించును. తప్పైనను అది నిజమైన చూపును గమనించి చేసిన తప్పు.

షేక్స్పియరు ఈ మాటను ఒక్క అర్థమునకు కట్టివేయలేదు. 1593లో వెలువడిన 'వీనస్ అండ్ అడోనిస్' కావ్యమున అతడు దీనిని వేటకుక్కల ముందు పరుగిడు కుందేటికి విశేషణము చేసెను. కుందేటి కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే దానికి వెనుక కనిపించినంత బాగుగా ముక్కునకు ఎదుట కనిపింపదు. విశేషణము ప్రకృతికి తగినదే. 1598లో అచ్చయిన 'లవ్స్ లేబర్స్ లాస్ట్'లో కన్నులకు గంతలు కట్టుకొన్న క్యూపిడ్ దేవునికి దీనిని తగిలించెను. 1609లో అచ్చయిన 'ట్రాయిలస్ అండ్ క్రెసిడా'లో చమత్కారము పరాకాష్ఠ నందినది. గ్రీకు పురాణములలో ఆర్గస్ అనువాడు నూరు కన్నులవాడు, ఇంద్రుడు వేయి కన్నులవాడైనట్లు. ఎజాక్స్ అను వీరుని గుణములలో పొంతన లేదని ఎగతాళి చేయు పాత్ర అతనిని 'పర్‌బ్లైండ్' ఆర్గస్‌తో పోల్చును. ఒళ్ళంతయు కన్నులే, చూపు సున్న! ఇచ్చట మాట కంటిని దాటి లోపలికి అడుగిడినది. కన్నులు లేకపోవుట ఇక ప్రశ్న కాదు. ఉన్న కన్నులతో గ్రహింపకపోవుట ప్రశ్న.

అటుపిమ్మట మాటకు లోపలి అర్థమే ప్రధానమైనది. థామస్ హార్డీ 1866లో రచించి 1898లో తన 'వెసెక్స్ పొయెమ్స్' సంపుటమున ప్రకటించిన 'హ్యాప్' అను పద్యములో మానవుల గతిని నిర్ణయించు శక్తులకు ఈ విశేషణమును వాడెను. ఆ శక్తులు పగబట్టినవి కావు, దయ గలవియు కావు. ఎవరికేమి పంచుచున్నవో చూడజాలనివి. ఇచ్చట 'శుద్ధ గ్రుడ్డి' అన్నను, 'మందబుద్ధి' అన్నను హార్డీ భావము చెడును. కన్నులున్నను మంచిచెడ్డల భేదము కానరాని చూపు అది. మాట పయనించిన మెట్లన్నియు ఎరిగిన పాఠకునికే ఆ భావము పూర్తిగా అందును.

ఇంతవరకు చెప్పినది మాట సంపాదించిన ఐశ్వర్యము. ఇక అది మూటగట్టుకొన్న పాపమును చెప్పవలసియున్నది. శుద్ధ గ్రుడ్డి మొదట ఒంటికంటివాడై, పిదప మందదృష్టియై, తుదకు మందబుద్ధి యైనాడు. మొదటి మూడును కంటి సంగతులు. నాలుగవది మనస్సు సంగతి. మూడవ మెట్టు నుండి నాలుగవ మెట్టుకు మాట సులభముగా దూకినది. ఆ దూకుటలో ఒక అన్యాయము కలదు. చూపు మందమైన మనిషి ఏ నేరము చేసెనని అతని పేరు తెలివిమాలినవానికి తిట్టుగా ఇయ్యవలెను?

తెలివిని చూపుతో పోల్చుట లోకసహజమే కదా యని కొందరు అందురు. నిజమే. తెలుగులో 'కనుగొనుట' అనగా తెలిసికొనుట. తత్త్వశాస్త్రములకు 'దర్శనములు' అని పేరు. కవి క్రాంతదర్శి యని నానుడి. మేలుకొలిపినవానిని 'కన్ను తెరిపించినాడు' అందురు. ఆంగ్లేయుడును అర్థమైనదని చెప్పవలసినప్పుడు 'చూచుచున్నాను' అనును. ఈ పోలిక లేనిదే భాషలు బీదవగును. అయినను ఆ దారి ఒకవైపు దారియే. తెలివిని చూపుతో పోల్చవచ్చును. చూపుతో తెలివిని కొలువరాదు. జాన్ మిల్టన్ 1652 నాటికి పూర్తిగా చూపు కోల్పోయెను. 'పారడైజ్ లాస్ట్' మహాకావ్యము 1667లో వెలువడినది. ఆ కావ్యమును అతడు నోట చెప్పుచుండగా ఇతరులు వ్రాసిరి. అట్టివానిని ఏ మెట్టుపై నిలువబెట్టవలెను?

సంస్కృతము ఈ విషయమున వేరొక దారి త్రొక్కినది. మహాభారతము పుట్టు గ్రుడ్డియైన ధృతరాష్ట్రుని 'ప్రజ్ఞాచక్షువు' అని పేర్కొన్నది. ప్రజ్ఞయే కన్నుగా గలవాడని అర్థము. పండితులైన అంధులను గౌరవముతో పేర్కొనుటకు ఆ మాట నేటికిని నిలిచియున్నది. ఆంగ్లపదము చూపు లోపమునుండి బుద్ధి లోపమును కల్పించినది. సంస్కృతపదము చూపు లేనిచోట బుద్ధిని కన్నుగా నిలిపినది. అదే భారతము ధృతరాష్ట్రుని పుత్రవ్యామోహమును దాచలేదు. అతని తప్పు కంటిది కాదు, మమకారముది. ఈ వివేకము మాటలు వాడువారికి ఎల్లప్పుడు అవసరము.

ఇది నిఘంటువుల తగవు మాత్రమే అయినచో ఇంత చెప్పనక్కరలేదు. తరగతి గదిలో ఈ అన్యాయము మాట లేకయే జరుగుచున్నది. వెనుక బల్లపై నొక బాలుడు కూర్చుండును. నల్లబల్లపై వ్రాసిన లెక్క అతనికి మసకగా తోచును. ప్రక్కవాని పుస్తకములో చూచి వ్రాసికొనును; దొంగచూపని దెబ్బ తినును. అడిగినదానికి జవాబు చెప్పలేక మొద్దని పేరు తెచ్చుకొనును. అందరికిని లోకము అట్లే కనబడుననుకొని అతడు తన చూపు సంగతి ఎవ్వరికిని చెప్పడు. ఆంగ్లభాషకు మూడు నాలుగు శతాబ్దములు పట్టిన అర్థపరిణామమును ఆ పసివాని విషయమున లోకము ఒక్క ఏటిలో ముగించివేయుచున్నది.

దీనికి మందు లేదా? ఎప్పుడో కలదు. దగ్గర చూపునకు సాయపడు కళ్ళజోడు పదుమూడవ శతాబ్ది చివర ఇటలీలో పుట్టినది. దూరపుచూపు తగ్గినవారికి పనికివచ్చు పుటాకార కటకములు పదునైదవ శతాబ్ది నాటికే వాడుకలోనికి వచ్చినవి. అట్టివారి కంటిలో కిరణములు వెనుకనున్న తెరను చేరకముందే కలిసిపోవుచున్నవని, కటకము వానిని సరియైన చోటికి చేర్చునని 1604లో యోహాన్ కెప్లర్ వివరించెను. క్రిందికి పోనుపోను చిన్నవగు అక్షరముల పటమును 1862లో డచ్చి వైద్యుడు స్నెలెన్ సిద్ధపరచెను. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన కంటి వెలుగు కార్యక్రమపు తొలి విడతను పాఠశాల విద్యార్థుల కన్నుల పరీక్షకు కేటాయించుట ఈ తెలివిడికి ఫలమే. అయినను ప్రభుత్వ పరీక్ష ఎప్పుడో ఒకనాడు వచ్చును. ఉపాధ్యాయుడు ప్రతిదినము వచ్చును. కన్నులు చికిలించి చూచు విద్యార్థిని ముందు బల్లకు పిలిచి, తల్లిదండ్రులతో ఒక మాట చెప్పుట ఆయన చేతిలోని పని. అది చేయక మొద్దని నిర్ణయించినచో, నూరు కన్నులుండి చూడని ఆర్గస్ ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు.

గ్రుడ్డితనమునకు హద్దు ఎక్కడ అను ప్రశ్న పాతకాలముతో ముగియలేదు. మన దేశపు అంధత్వ నివారణ కార్యక్రమములో చాల కాలము ఆరు మీటర్ల దూరము నుండి వ్రేళ్ళు లెక్కింపలేనివారిని అంధులుగా పరిగణించిరి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణమునకు సరిపడునట్లు ఆ దూరమును మూడు మీటర్లకు తగ్గించిరి. మనిషి అతడే, కన్ను అదే. నిన్న అంధుల లెక్కలో నున్నవాడు నేడు ఆ లెక్కలో లేడు. ఆ రెండు కాలముల లెక్కలను ఈ సంగతి తెలియక పోల్చినవాడు, దేశములో అంధులు ఒక్కసారిగా తగ్గిరని సంతసించును. మాటకు తేదీ ఎంత అవసరమో ఇంతకంటె చెప్పనేల?

కావున భాషాబోధనలో ఒక చిన్న సంస్కరణము జరుగవలెను. పదమునకు అర్థము చెప్పునప్పుడు అది ఏ కాలపు అర్థమో కూడ చెప్పవలెను. 1884లో తొలి భాగము వెలువడి 1928లో పూర్తియైన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు గొప్పతనము పదముల సంఖ్యలో లేదు; ఏ అర్థము ఏ ఏట కనబడినదో ప్రయోగపూర్వకముగా చూపుటలో నున్నది. తెలుగులోను ఇట్టి అవసరము తక్కువ కాదు. 'కంపు' ఒకప్పుడు వాసన మాత్రమే, నేడు దుర్వాసన. 'ముహూర్తము' ఒకప్పుడు రెండు గడియల కాలము, నేడు శుభలగ్నము. ప్రాచీన కావ్యములో కంపు అను మాట చూచి ముక్కు మూసికొను విద్యార్థిని నిందించి ఫలము లేదు. అతనికి తేదీ చెప్పనివారిదే ఆ తప్పు. సూర్యరాయాంధ్ర నిఘంటువు కవిప్రయోగములను చూపి మేలు చేసినది. ఆ ప్రయోగములకు కాలక్రమమును జోడించి విద్యార్థులకు అందించు చిన్న నిఘంటువు వెలువడవలెను.

అట్టిది వచ్చువరకు, ఏడాదికి పది మాటల చరిత్రనైనను విద్యార్థులచేత వెదకించుట ఏ ఉపాధ్యాయునికైనను సాధ్యమే. ఆ పదింటిలో 'పర్‌బ్లైండ్' ఒకటిగా ఉండదగినది. రాజు పెరికించిన కన్నులతో బయలుదేరి, దాసుని విడిపించిన ఒంటికంటిని దాటి, జాన్సన్ వంటి చదువరుల మసక చూపును తాకి, తుదకు చూడనొల్లనివారి మనస్సును చేరిన మాట అది. శతాబ్దముల మీద మాటకు కొంత చూపు వచ్చినది. దానిని చదువువారికిని, దానిని పాఠము చెప్పువారికిని ఆ మాత్రము చూపు వచ్చినయెడల, వెనుక బల్లపై నున్న బాలునికి నల్లబల్ల కనబడును.